క్యూఆర్ కోడ్ బోర్డులకు టెండరు పిలిచేముందు చిరునామా సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

కోటల దగ్గర, గుళ్ల ముందు, పార్కుల్లో చెట్లకు, గ్రంథాలయాల్లో బీరువాలకు క్యూఆర్ కోడ్లు పెట్టాలి, ఫోను చూపిస్తే దాని కథంతా తెలియాలి అన్న మాట మన కడప, కర్నూలు, అనంతపురం వైపు ఈ మధ్య తరచూ వినబడుతోంది. మంచి ఆలోచనే. గండికోటకో లేపాక్షికో వచ్చినవాళ్లు గైడు దొరక్కపోతే రాళ్లు చూసి, ఫోటోలు దిగి వెళ్లిపోతున్నారు. కానీ ఇలాంటి పనుల్లో శ్రద్ధంతా బోర్డు మీదికే పోతుంది. కొలత ఎంత, రంగు ఏది, ఎవరి ఫోటో ఎక్కడ, ఆవిష్కరణ ఎప్పుడు అన్నవన్నీ తేలాక, కోడ్ లోపల ఏ చిరునామా పెట్టాలన్నది ఆఖరి పూట డీటీపీ ఆపరేటరు చేతిలో పడుతుంది. ఏడాది తిరిగేసరికి బోర్డు నిలబడే ఉంటుంది, స్కాన్ చేస్తే మాత్రం ‘పేజీ దొరకలేదు’ అని వస్తుంది. మాలో ఒకరిది సైన్ బోర్డుల పని, ఇంకొకరిది వెబ్‌సైట్ల పని. ఈ రెండు పనుల మధ్య ముడి ఎక్కడ తెగుతుందో తెలుసు కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టేముందే చూసుకోవాల్సిన సంగతులు రాస్తున్నాం.

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో కంపెనీలో మసహీరో హరా బృందం తయారుచేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. అందులో ఫోటో ఉండదు, వీడియో ఉండదు. కొన్ని అక్షరాలు నలుపు తెలుపు గడుల రూపంలో ఉంటాయి, అంతే. మన పనికి ఆ అక్షరాలు ఒక వెబ్ చిరునామా. కాబట్టి ‘ఈ కోడ్ ఎన్నేళ్లు పనిచేస్తుంది?’ అని బోర్డు చేసేవాణ్ని అడిగి లాభం లేదు. కోడ్‌కు గడువు లేదు. గడువు తీరేది అది చూపించే చిరునామాకు.

చిరునామాలు ఎంత తొందరగా పాతబడతాయో మన జిల్లాలను చూస్తే చాలు. కడప పేరు ఇంగ్లీషులో రాసే తీరు 2005లో మారింది. 2010లో జిల్లా వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు లేపాక్షి అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, బెలుం గుహలూ యాగంటీ అహోబిలమూ కర్నూలు నుంచి నంద్యాలకు పోయాయి. ఒక ఆఫీసు వెబ్‌సైటులో ‘జిల్లా పేరు, విభాగం పేరు, ఫైలు పేరు’ అంటూ పొడుగాటి చిరునామా తీసుకుని రాతి మీద చెక్కించారనుకోండి. జిల్లా పేరు మారినా, వెబ్‌సైటు కొత్త డిజైనులోకి మారినా, పీడీఎఫ్ ఫైలుకు కొత్త పేరు పెట్టినా ఆ రాయి వృథా. రాయిని మళ్లీ చెక్కలేం, ఫైలు పేరు మార్చినవాళ్లకు ఆ రాయి ఒకటుందని తెలియదు.

రెండో గండం ఉచిత కోడ్ తయారీ సైట్లు. ఇంటర్నెట్‌లో వెతికితే పదుల కొద్దీ కనబడతాయి. వాటిలో చాలా సైట్లు మీరిచ్చిన చిరునామాను నేరుగా కోడ్‌లో పెట్టవు. తమ సొంత చిరునామా ఒకటి పెట్టి, అక్కడి నుంచి మీ పేజీకి పంపుతాయి. దీన్నే డైనమిక్ కోడ్ అంటారు. ట్రయల్ గడువు అయిపోగానే డబ్బు కట్టమంటాయి, కట్టకపోతే దారి మూసేస్తాయి. అప్పటికి బోర్డు దిగిపోయి ఉంటుంది. కోడ్ తయారవగానే దాన్ని ఫోనుతో చదివి, తెరుచుకునే ముందు కనబడే చిరునామా మనదో ఆ సైటుదో చూడటం ఒక్క నిమిషం పని. ఆ నిమిషం పెట్టేవాళ్లు తక్కువ. పెద్ద కంపెనీల లింకు కుదింపు సేవలను నమ్ముకున్నా ఇదే. గూగుల్ తన కుదింపు సేవలో 2019లో కొత్త లింకులు ఇవ్వడం ఆపేసింది, 2025 ఆగస్టులో వాడుకలో లేని పాత లింకులను మూసేసింది. ఊరవతల గుడి దగ్గర నెలకు ఇద్దరు స్కాన్ చేసే కోడ్ ఏ కంపెనీ లెక్కలోనైనా ‘వాడుకలో లేనిదే’ అవుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. పంచాయతీయో, గ్రంథాలయమో, దేవస్థానమో, ఎవరు బోర్డులు పెడితే వాళ్ల పేరు మీద ఒక చిన్న డొమైన్ (సొంత వెబ్ పేరు) కొనాలి. డాట్ ఇన్ డొమైన్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఒకేసారి 10 ఏళ్లకు కట్టుకోవచ్చు. డొమైన్ పేరులో జిల్లా పేరు వద్దు. పథకం పేరు అసలే వద్దు. ఒక్కో బోర్డుకు ఒక్కో నంబరు ఇచ్చి, డొమైన్ తర్వాత స్లాష్ పెట్టి ఆ నంబరు మాత్రమే రాయాలి: 001, 002, 003 అలా. స్కాన్ చేసి ఆ నంబరుకు వచ్చినవాళ్లను ఏ పేజీకి పంపాలన్నది మన సర్వరులో (వెబ్‌సైటు నడిపే కంప్యూటరులో) ఒక పట్టిక చూసుకుంటుంది. పేజీ మారితే పట్టికలో ఒక వరస మారుస్తాం, బోర్డు జోలికి పోనక్కర్లేదు. అంటే డైనమిక్ కోడ్ సైట్లు చేసే పనే, తాళం మాత్రం మన దగ్గర.

ఇక్కడ వెబ్ పని చేసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. దారి మళ్లింపుకు 301, 302 అని రెండు రకాలున్నాయి. 301 అంటే ‘శాశ్వతంగా మారింది’ అని. ఫోనులోని బ్రౌజరు దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి మన సర్వరును అడగకుండానే పాత చోటికి పోతుంది. బోర్డులకు 302 పెట్టాలి, ప్రతిసారీ అడిగి పోతుంది. మరొకటి, డొమైన్‌కు ఉండే భద్రతా సర్టిఫికెట్. ఉచితంగా వచ్చే సర్టిఫికెట్లకు గడువు కొద్ది నెలలే. అవి వాటంతట అవే రెన్యువల్ అయ్యేలా పెట్టకపోతే, స్కాన్ చేసినవాళ్లకు ‘ఈ సైటు సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తుంది. సైబర్ మోసాల వార్తలు రోజూ చదివే జనం ఆ హెచ్చరిక చూశాక ఇంకో బోర్డును కూడా స్కాన్ చేయరు.

చిరునామా పొట్టిగా ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. అక్షరాలు పెరిగేకొద్దీ కోడ్‌లో గడులు పెరుగుతాయి. అన్నిటికన్నా చిన్న కోడ్‌లో అడ్డానికి 21, నిలువుకు 21 గడులు. ఒక్కో మెట్టుకు నాలుగేసి గడులు పెరుగుతూ 40వ మెట్టులో 177కు పోతుంది. తెలుగు వికీపీడియాలో లేపాక్షి వ్యాసం చిరునామా తీసుకోండి. చూడటానికి పొట్టిదే. కానీ చిరునామాలోకి వచ్చేసరికి తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి ఇంగ్లీషు గుర్తులుగా విడిపోతుంది. ‘లేపాక్షి’లో అలాంటివి ఎనిమిది, అంటే 72 గుర్తులు. ముందున్న https://te.wikipedia.org/wiki/ అన్న 30 కలిపితే 102. మధ్యస్థ రక్షణతో (రక్షణ సంగతి కింద చెబుతాం) దాన్ని కోడ్ చేస్తే 41 గడుల చతురస్రం వస్తుంది. మన డొమైన్ 12 అక్షరాలదైతే ముందుండే https:// 8, మధ్యలో స్లాష్, చివర 3 అంకెలు కలిసి 24తో పని అయిపోతుంది, 25 గడుల చతురస్రం చాలు. చుట్టూ వదలాల్సిన తెల్ల అంచు కూడా కలుపుకుంటే, 10 సెంటీమీటర్ల పలక మీద మొదటిదాంట్లో ఒక్కో గడి 2 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 3 మిల్లీమీటర్లు. గీతలు పడ్డ కెమెరా అద్దంతో, మధ్యాహ్నం ఎండలో, చెయ్యి వణుకుతున్న పెద్దాయన స్కాన్ చేస్తున్నప్పుడు ఆ ఒక్క మిల్లీమీటరే లెక్కకొస్తుంది. (వికీపీడియాకే పంపాలనుకునేవాళ్లకు వికీ సంస్థ సొంత కుదింపు సేవ ఉంది, 20 అక్షరాల లోపు లింకు ఇస్తుంది. బయటి సేవల కన్నా అది నయం.)

చిన్న చిట్కా ఒకటి. చిరునామా మొత్తం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాస్తే కోడ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకా తక్కువ చోటులో సర్దుతుంది. డొమైన్ పేరుకు చిన్న పెద్ద అక్షరాల తేడా లేదు. స్లాష్ తర్వాతి భాగానికి ఉంటుంది, అందుకే అక్కడ అంకెలు మాత్రమే పెట్టమన్నాం. ఇలా చేస్తే అవే 25 గడుల్లో ఒక మెట్టు ఎక్కువ రక్షణ దొరుకుతుంది.

రక్షణ అంటే, కోడ్‌లో కొంత భాగం చెడినా మిగతాదాన్ని బట్టి పూర్తిగా చదవగలగడం. నాలుగు మెట్లున్నాయి: ఎల్, ఎం, క్యూ, హెచ్. చెడినా తట్టుకోగల పాలు వరుసగా సుమారు 7, 15, 25, 30 శాతం. బయట పెట్టే బోర్డుకు క్యూ సరిపోతుంది. గుడి దగ్గరైతే హెచ్ మంచిది. పసుపు, కుంకుమ, నూనె, దీపం మసి బోర్డు దాకా రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే ఈ శాతాలు చూసి ధీమాగా మధ్యలో లోగో పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, లోగో కప్పిన గడులు మొదటి రోజు నుంచే చెడినట్టు లెక్క. ఎండకూ గీతలకూ మిగలాల్సిన రక్షణను లోగో ముందే తినేస్తుంది. పైగా మూడు మూలల్లో ఉండే పెద్ద చతురస్రాలకు ఈ రక్షణ వర్తించదు. కోడ్ ఎక్కడుందో కెమెరా పట్టేదే వాటితో. బోర్డు బిగించే స్క్రూ ఒకటి ఆ మూల మీద పడిందంటే కోడ్ పోయినట్టే.

తెల్ల అంచు గురించి ఎంత చెప్పినా తక్కువే. కోడ్ చుట్టూ నాలుగు వైపులా నాలుగేసి గడుల వెడల్పు ఖాళీగా ఉండాలి. మన ఫ్లెక్సీల్లో నాయకుల ఫోటోలు పోగా మిగిలిన మూలలో కోడ్‌ను ఇరికిస్తారు, దాని చుట్టూ బంగారు రంగు పూలచట్రం గీస్తారు. చూడటానికి నిండుగా ఉంటుంది, ఫోనుకు కోడ్ ఎక్కడ మొదలైందో తెలియదు. సైజుకు ఒక లెక్క పెట్టుకోండి: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదోవంతు. చేతికందే పలకకు 4, 5 సెంటీమీటర్లు చాలు. కంచె అవతల 2 మీటర్ల దూరంలో ఉంటే 20 సెంటీమీటర్లు కావాలి, అదీ 25 గడుల కోడ్ అయితేనే. 41 గడులదైతే 30 దాటించాలి. మీ పత్రికలో వచ్చే ప్రకటనలకు కూడా ఒక మాట: న్యూస్‌ప్రింట్ మీద సిరా పరుచుకుంటుంది కాబట్టి 2 సెంటీమీటర్లకు తగ్గితే గడులు కలిసిపోతాయి.

ప్రింటింగుకు పంపే ఫైలు, ఎంత పెంచినా అంచులు చెదరని ఎస్‌వీజీ గానీ పీడీఎఫ్ గానీ కావాలి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన కోడ్‌ను కోరల్ డ్రాలో పెట్టి సాగదీస్తే గడుల అంచులు మసకమసకగా తయారవుతాయి. నలుపు నల్ల సిరాతో మాత్రమే ప్రింట్ కావాలి. నాలుగు రంగులూ కలిపి తెచ్చిన నలుపు కొత్తలో చిక్కగా ఉన్నా, ఎండకు ఎరుపూ పసుపూ ముందుగా వెలిసిపోయి నీలమో ఆకుపచ్చో మిగులుతుంది. ఎర్ర కోడ్, పసుపు నేల జోలికి పోవద్దు. తెల్ల నేల మీద నల్ల కోడ్, అంతే.

దేని మీద పెట్టాలన్నది మన ఎండలను బట్టి తేల్చుకోవాలి. ఫ్లెక్సీ ఒక వేసవికి చాలు, పండగకో సభకో అయితే వాడుకోండి. సన్‌బోర్డు (నురుగు ప్లాస్టిక్ పలక) వంగిపోతుంది. ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్) ప్రింటు, దాని మీద మ్యాట్ ల్యామినేషన్ వేస్తే కొన్నేళ్లు నిలుస్తుంది. ల్యామినేషన్ గ్లాసీ అయితే మధ్యాహ్నం అద్దంలా మెరిసి ఏమీ కనబడదు. వినైల్‌ను షీటు వెనక్కి మడిచి అతికించకపోతే అంచులు లేస్తాయి, లేచిన అంచును గోటితో పీకకుండా పిల్లలుండరు. స్టీలు మీద చెక్కిన కోడ్ షోరూములో బాగుంటుంది. ఎండలో స్టీలు తెల్లగా మెరిసే కోణంలో గడులు నల్లగా, పక్కకు జరిగితే అదే స్టీలు ఆకాశాన్ని చూపించి నల్లగా, గడులు తెల్లగా కనబడతాయి. నిలబడే చోటును బట్టి చదవడం మారే బోర్డు ఎందుకు?

రాయి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరికీ ముందు తట్టేది రాయే. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల పేర్లు చెబితేనే బండలు గుర్తొస్తాయి. కడప నల్లబండ మీద కోడ్ చెక్కిస్తే శాశ్వతంగా ఉంటుందని అనిపించడం సహజం. అందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది చెక్కే అలవాటు. శిలాఫలకం మీద అక్షరాలు చెక్కి తెల్లరంగు నింపడం మన పద్ధతి. కోడ్‌ను కూడా అలాగే చేస్తే నల్లగా ఉండాల్సిన గడులు తెల్లగా, తెల్లగా ఉండాల్సినవి నల్లగా వస్తాయి. ఇలా తిరగబడ్డ కోడ్‌ను కొన్ని ఫోన్లు చదువుతాయి, కొన్ని చదవవు. ఆవిష్కరణ నాడు చదివిన ఫోను అధికారి చేతిలోని ఖరీదైనదే అయి ఉంటుంది. నల్లరాతి మీద చెక్కాల్సింది తెల్ల గడులను, చుట్టూ ఉండే నాలుగు గడుల అంచును కూడా. ఇసుకను గాలితో కొట్టి చెక్కే శాండ్ బ్లాస్టింగుకు స్టెన్సిల్ కోసేటప్పుడే నలుపు తెలుపులు తారుమారు చేసి కోయమని చెప్పాలి. 20 సెంటీమీటర్ల చదరంలో అంచు కలిపి 33 గడులు పడతాయి, ఒక్కోటి 6 మిల్లీమీటర్లు. అంతకన్నా బాగా చిన్నవైతే స్టెన్సిల్ ముక్కలు ఇసుక దెబ్బకు లేచిపోతాయి. రెండో చిక్కు రాయిది. కడప బండ సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. నీడలో, నూనె పట్టించినప్పుడు ఉండే నలుపు ఎండావానల్లో బూడిదరంగుకు తిరుగుతుంది, తెల్లరంగుకూ రాతికీ తేడా తగ్గుతూ పోతుంది. మెట్లూ గచ్చూ యాసిడ్‌తో కడిగేచోట ఆ చిందులు పడితే సున్నపురాయి పైపొర కరిగిపోతుంది. బయట పెట్టేదైతే నల్ల గ్రానైట్ వాడండి. రాతి మీద కోడ్ పెడుతున్నారంటే చిరునామా మీదే అయి ఉండాలన్న మాట అక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

పలకను నేలకు మీటరు ఎత్తులో, 30 నుంచి 45 డిగ్రీల వాలుగా పెడితే పిల్లలకూ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ అందుతుంది. ముఖం ఉత్తరానికి ఉంటే ఎండ తక్కువ తగులుతుంది. పూర్తిగా తప్పదు: కడప దగ్గర ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి పైన చిన్న చూరు వేయించండి. స్తంభాలకు, చెట్లకు, గుండ్రటి వాటికి అతికించేటప్పుడు కోడ్ వెడల్పు వాటి వ్యాసంలో సగానికి మించితే అంచుల్లో గడులు నలిగినట్టు కనబడతాయి. చెట్టుకు మేకు కొట్టి పలకను బిగించేస్తే మాను లావెక్కేకొద్దీ పలకను మింగుతుంది. స్ప్రింగుతో వదులుగా వేలాడదీయాలి. రక్షిత కట్టడాల గోడలకు మేకు కాదు కదా, స్టిక్కర్ కూడా అతికించకూడదు. 1958 నాటి చట్టం ప్రకారం వాటి రూపు చెడగొట్టడం నేరం. చుట్టూ 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం కాబట్టి విడిగా దిమ్మె పెట్టే వీలుందో లేదో పురావస్తు శాఖను ముందే అడగాలి.

ఇక జనం వైపు నుంచి వచ్చే ఇబ్బంది. మన దగ్గర టీకొట్టు నుంచి కూరగాయల బండి దాకా కోడ్ అంటే డబ్బు కట్టేదే. బోర్డు మీద కోడ్ కనబడగానే చాలామంది ఫోన్‌పే తెరిచి చూపిస్తారు. అది చెల్లింపు కోడ్ కాదు కాబట్టి తప్పు కోడ్ అని చెబుతుంది, బోర్డు పనిచేయట్లేదని వెళ్లిపోతారు. కోడ్ కింద ‘ఇది డబ్బు కట్టడానికి కాదు, ఫోను కెమెరాతో చూడండి’ అని తెలుగులో పెద్దగా రాయాలి. అదే వరసలో చిరునామా కూడా అచ్చేయాలి. స్కాన్ కాకపోతే టైపు చేసుకుంటారు. ఎవరైనా మన కోడ్ మీద వాళ్ల స్టిక్కర్ అంటిస్తే, తెరుచుకున్న చిరునామాకూ బోర్డు మీద రాసిన దానికీ తేడా ఉందని తెలిసిపోతుంది. హుండీ కోడ్, విరాళాల కోడ్ ఇదే పలక మీద ఎప్పుడూ పెట్టొద్దు. సమాచారం బోర్డు దగ్గర యూపీఐ పిన్ అడిగేది ఏదైనా సరే మోసమేనని జనానికి నిస్సందేహంగా చెప్పగలగాలంటే ఆ రెంటినీ కలపకూడదు.

తెరుచుకునే పేజీ గురించి. వస్తువుకు కోడ్ అంటించి వికీపీడియా వ్యాసానికి కలిపే క్యూఆర్‌పీడియా అనే ఏర్పాటు 2011లో బ్రిటన్‌లో మొదలైంది. 2012లో వేల్స్‌లోని మాన్‌మౌత్ పట్టణం మొత్తానికి ఇలాంటి పలకలు పెట్టారు. దాని గొప్పతనం, ఫోను ఏ భాషలో ఉందో చూసి ఆ భాష వ్యాసం తెరవడం. మన దగ్గర అదే ఎదురు తిరుగుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లలోనూ ఎక్కువమంది ఫోను ఇంగ్లీషులోనే ఉంటుంది. ఫోను భాషను నమ్ముకుంటే తెలుగువాళ్లకు ఇంగ్లీషు పేజీ వస్తుంది. కాబట్టి పేజీ తెలుగులోనే తెరుచుకోవాలి, పైన కన్నడం, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ బటన్లు ఉండాలి. లేపాక్షికి బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్లను తలుచుకుంటే కన్నడం ముందుండాలి.

ఆ పేజీలో ఏముండాలి? బోర్డు మీద ఇప్పటికే ఉన్న నాలుగు వాక్యాలే మళ్లీ ఉంటే స్కాన్ చేయించడం ఎందుకు? కంటికి ఎదురుగా ఉన్నా చదవలేనిదాన్ని చదివించాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు మడక దున్నినట్టు ఎడమ నుంచి కుడికి పోయి, కుడి నుంచి ఎడమకు తిరిగి వస్తాయి. బండ ముందు నిలబడ్డవాడికి ఇది తెలిస్తే చాలు, ఆ గీతలు అక్షరాలుగా కనబడటం మొదలవుతుంది. పేజీలో పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటో, ఒక్కో పంక్తి ఎటు నడుస్తుందో బాణం గుర్తు, కింద తెలుగు లిపిలో పాఠం, దాని కింద అర్థం. క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు చెప్పే కలమళ్ల శాసనం లాంటి తొలి తెలుగు శాసనాలకూ ఇదే పద్ధతి. గ్రంథాలయాలకైతే పని ఇంకా తేలిక: బీరువా మీది కోడ్ ఆ బీరువాలోని పుస్తకాల జాబితా చూపిస్తే సరి.

పేజీ బరువు కూడా చూడాలి. గండికోట లోయ అంచుల్లాంటి చోట్ల సిగ్నలును నమ్ముకోలేం. ఫోటోలతో కలిపి 300 కిలోబైట్లు దాటనీయొద్దు. చదవలేనివాళ్లకు చదివి వినిపించే ఆడియో తప్పక పెట్టండి: మోనోలో సెకనుకు 32 కిలోబిట్లు చాలు, రెండు నిమిషాలకు 480 కిలోబైట్లే. యాప్ దించుకోమనడం, ఫోను నంబరు, ఓటీపీ అడగడం వద్దే వద్దు. బెలుం గుహల లోపల సిగ్నలు ఎలాగూ ఉండదు, అక్కడ కోడ్ పెట్టాల్సింది టిక్కెట్ల కౌంటరు దగ్గర. చిరునామా బదులు వివరమంతా కోడ్‌లోనే నింపేద్దామనుకుంటారేమో. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుర్తుకు 3 బైట్లు పడతాయి. 100 గుర్తులకే, తక్కువ రక్షణతో కూడా, కోడ్ 61 గడులకు పోతుంది. వంద గుర్తులంటే రెండు మూడు వాక్యాలు కూడా రావు, వాటిని బోర్డు మీదే రాసేయొచ్చు.

పలక చేయించేముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, పెట్టబోయే చోట టేపుతో అంటించి చూడండి. మిట్టమధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి, కనీసం నాలుగు ఫోన్లతో, అందులో ఒకటి తక్కువ ఖరీదుది, అయిదారేళ్ల కిందటిది. పెద్ద అక్షరాల చిరునామాతో ఏ ఫోనైనా పేచీ పెడితే ఇక్కడే తెలుస్తుంది, చిన్న అక్షరాలకు మార్చుకోవచ్చు.

ఆ తర్వాత కాపలా. ఎవరు స్కాన్ చేశారన్నది దాచుకోనక్కర్లేదు. ఏ నంబరు ఎన్నిసార్లు తెరుచుకుందన్న లెక్క చాలు. రోజూ పదిమంది తెరిచే 014 నెలరోజులుగా సున్నా చూపిస్తుంటే, ఆ పలక విరిగిందనో, దాని మీద ఎవరో పోస్టరు అంటించారనో అర్థం. మనిషిని పంపాల్సింది అక్కడికే. మూడు నెలలకోసారి ఎలాగూ అన్నింటినీ తడి గుడ్డతో తుడిచి, స్కాన్ చేసి చూడాలి.

టెండరులో ఈ షరతులు రాయించమని మా మనవి. డొమైన్ సంస్థ పేరు మీదే ఉండాలి, కాంట్రాక్టరు పేరు మీద కాదు. రెన్యువల్ నోటీసులు ఆఫీసు ఈమెయిలుకు రావాలి, బదిలీ అయ్యే ఉద్యోగి సొంత మెయిలుకు కాదు. కోడ్‌ల ఎస్‌వీజీ ఫైళ్లు, నంబర్ల పట్టిక, పాస్‌వర్డులు పనితోపాటు అప్పగించాలి. చివరి వాయిదా డబ్బు ఆవిష్కరణ రోజున కాకుండా, ఒక వేసవి గడిచాక, జూన్‌లో ప్రతి పలకనూ సాధారణ ఫోనుతో స్కాన్ చేయించి ఇవ్వాలి.

ఇట్లు
బోర్డుల పని, వెబ్ పని చేసే ఇద్దరు పాఠకులు,
కడప